లోపలి గళ్ళు

మృగశిర వాన మొదలైన రోజునే మా తమ్ముడు సాలమోను కూతుర్ని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. పిల్ల నెత్తిన అతని తువ్వాలు కప్పి ఉంది. అది తడిసి ముఖం మీదికి జారితే తీసుకోకుండా, ఆ చాటునుంచే మమ్మల్ని చూస్తూ నిలబడింది. పేరు సలోమి. ఆరో ఏడు నడుస్తోంది.

"వదినా, దసరా దాకా నీ దగ్గర ఉంచుకో," అన్నాడు సాలమోను.

పిల్ల తల్లి మరియమ్మకి ఊపిరితిత్తుల జబ్బు. రాజమండ్రి ఆసుపత్రిలో ఉంది. పిల్లని దగ్గరికి రానివ్వద్దన్నారు. సాలమోనుకి మిల్లులో పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. నరసాపురం బోర్డింగులో చేరుద్దామని తీసుకెళ్తే అక్కడి అమ్మగారు పలక మీద అక్షరాలు రాసి చూపించిందట. పిల్ల పలక చూడలేదు. నేల చూసింది.

"దసరా సెలవులయ్యేక తీసుకురమ్మన్నారు. నాలుగు మాటలు చదివితే అప్పుడే చేర్చుకుంటారంట. మన పేట బడి ఎలాగూ లేదు కదా, అన్నియ్యే కూచోబెట్టి చెప్పాలి."

మా పేట బడి కప్పు ఎండాకాలం గాలివానకి లేచిపోయింది. కొత్త తాటాకు వేసేదాకా బడి లేదు.

"చదివితే బోర్డింగుకి. చదవకపోతేనో?" అని అడిగింది ఎలీసమ్మ.

"చదవకపోతే ఏవుంది వదినా. ఈ ఏడాదికి నీ దగ్గరే."

ఎలీసమ్మ మా ఆవిడ. మాకు పిల్లలు లేరు. ఆ మాటకి ఆవిడ పిల్లని దగ్గరికి తీసుకుంది. తువ్వాలు లాగి పిల్ల తల తుడవడం మొదలుపెట్టింది. జుట్టు ఆరిపోయాక కూడా తుడుస్తూనే ఉంది.

నాది కొబ్బరి వలుపు పని. గునపానికి కాయ గుచ్చి పీచు ఒలవడమే తప్ప వేరే పని చేతకాదు. అయిదో తరగతి దాకా చదివాను కనుక అక్షరాలు నేర్పే భారం నా మీద పడింది. ఎలీసమ్మ బడి గడప తొక్కలేదు. నేను పలక తీస్తే చాలు, సలోమికి బోర్డింగు అమ్మగారు గుర్తొచ్చేదేమో, మంచం కిందికి దూరిపోయేది. పట్టుకు లాగడం నా వల్ల కాలేదు.

"ఆటలో పెట్టి నేర్పితే పోలా?" అంది ఎలీసమ్మ.

కాయల బండితో అమలాపురం వెళ్ళినప్పుడు ఒక కొట్లో అడిగాను. కొట్టాయన అరలన్నీ వెతికి ఒక అట్టపెట్టె తీశాడు. లోపల గళ్ళ అట్ట, ఒక పాచిక, గడికో అక్షరం, అక్షరం పక్కన రంగుల బొమ్మ. "పట్నం పిల్లలు దీంతోనే నేర్చేసుకుంటున్నారండి. వారం తిరక్కుండా చదివేస్తుంది చూడండి," అన్నాడు.

వారం తిరక్కుండా సలోమి గళ్ళన్నీ గడగడా చెప్పింది. చెప్పింది బొమ్మల్ని. ఋషి బొమ్మ మీద వేలు పెట్టి "మోషే" అంది. ఆదివారం బడిలో చూసిన గడ్డం అది. ఓడ బొమ్మ చూసి "పంటు" అంది. మనుషులనీ బండ్లనీ గేదెలనీ ఎక్కించుకుని గోదావరి దాటించే పంటు కన్నా పెద్దది నీళ్ళ మీద అది చూసి ఎరగదు.

"ఓడ అమ్మా. ఓ," అన్నాను నేను.

"కాదు పెదనాన్నా, పంటే. ఇదిగో జనం."

బొమ్మ మీద నా బొటనవేలు మూసి "ఇప్పుడు చెప్పు" అంటే నా వేలికేసి చూసింది. ఎలీసమ్మ పకపకా నవ్వి, పెట్టె మూసి అటక మీద పెట్టింది.

తర్వాత రాజోలు సంతలో వైకుంఠపాళి పటం కొన్నాను. అందులో పాములకీ నిచ్చెనలకీ పెట్టిన పేర్లు నాకే నోరు తిరగలేదు. సలోమి కాయని పెద్ద పాము మింగి అడుగుకి తోసేసరికి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. "ఏదెను తోటలో చేసింది చాల్దా దీనికి, మళ్ళీ నా ఇంట్లోకెందుకు?" అని ఎలీసమ్మ పటం చుట్టి పెట్టె వెనక్కి తోసింది.

అప్పుడు తనే ఒక ఆట ఎంచుకుంది. పులి-మేక. అరుగు మీద బొగ్గుతో గీతలు, పులులకి చింతపిక్కలు, మేకలకి గులకరాళ్ళు. అందులో అక్షరమన్నది లేదు.

"దీంట్లో చదువేదే?" అన్నాను ఒకరోజు.

"ముందు కుదురుగా కూచోడం అలవాటవ్వనీండి."

ఆషాఢమంతా ముసురు పట్టింది. నేను వలుపు నుంచి వచ్చేసరికి ఇద్దరూ అరుగు మీద ఎదురెదురుగా ఉండేవారు. సలోమి మేకల్ని పులి నోటికి దగ్గరగా పెట్టి "తినవే, తినవే" అనేది. ఎలీసమ్మ పులి ఎప్పుడూ పస్తే. పిల్ల పడుకునేటప్పుడు ఎలీసమ్మ చీరకొంగు పిడికిట్లో పట్టుకునేది. దాన్ని విడిపించడం ఇష్టంలేక ఎలీసమ్మ అటే ఒత్తిగిలి తెల్లారబెట్టేది. శ్రావణం వచ్చింది. పిల్లకి ఒక్క అక్షరం రాలేదు. నేను మళ్ళీ అడగలేదు. ఇంట్లో ఒక నవ్వు వినబడుతుంటే దాని మీదికి పలక పట్టుకెళ్ళడం ఎవరికి బాగుంటుంది?

మా ప్రార్థన మందిరంలో ఎలీసమ్మ గొంతు అందరికీ ఎరికే. పాటలన్నీ ఆవిడకి నోటికి వచ్చు. అయినా చేతిలో పాటల పుస్తకం ఉండాలి. ఏదో ఒక పేజీ తెరుస్తుంది, పక్కవాళ్ళు తిప్పినప్పుడు తిప్పుతుంది. పెళ్ళయిన కొత్తలోనే గమనించాను. ఎప్పుడూ పైకి అనలేదు.

ఆ ఆదివారం సలోమి కూడా తనకో పుస్తకం కావాలంది. ఎలీసమ్మ పక్కన నిలబడింది. ఆవిడ తెరిస్తే తెరిచింది. ఆవిడ పేజీ తిప్పితే తనూ వేలు తడి చేసుకుని తిప్పింది. ఆవిడలాగే కనురెప్పలు సగం వాల్చి, ఆవిడలాగే తల కొంచెం పక్కకి వంచి పెదాలు కదిపింది. ఆ పుస్తకం తల్లకిందులుగా ఉంది.

ఎలీసమ్మ చూసింది. పిల్ల పుస్తకం చూసి, తన చేతిలోది చూసుకుంది. పాట మధ్యలో ఆవిడ గొంతు ఆగిపోయింది. మిగతా చరణాలు ఆవిడ లేకుండానే అందరూ పాడారు.

ఇంటికి వచ్చి, పొయ్యి కూడా అంటించకుండా, అరుగు మీద పులి-మేక గీతల్ని పేడతో అలికేసింది. అది ఆరేదాకా అక్కడే కూర్చుంది.

"అష్టాచెమ్మా గళ్ళు గియ్యండి," అంది నాతో. "గడికో అక్షరం వెయ్యండి. బొమ్మలు మాత్రం వద్దు."

"అదే ఎందుకు?"

"వైకుంఠపాళిలో దాటిపోయిన గడి మళ్ళీ కనబడదు. దీంట్లో తిరిగినోళ్ళే తిరుగుతారు, చచ్చినోళ్ళు మళ్ళీ మొదట్నుంచీ వస్తారు. చూసిందే చూస్తే రాక చస్తుందా?"

బయటి వరస గళ్ళలో అక్షరాలు రాశాను. లోపలి వరసలో చిన్న చిన్న మాటలు: వల, చేప, పడవ, రేవు, అలాంటివి. కాయ ఆగిన గడిలో ఏముందో పలికితేనే అక్కడ నిలబడాలి, లేకపోతే వెనక్కి. అది ఎలీసమ్మ పెట్టిన కట్టు. ఇంకొకటి ఆటలో మొదట్నుంచీ ఉన్న కట్టే: ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్ళలోకి వెళ్ళకూడదు.

ఇంక గవ్వలు కావాలి. మా సంఘంలో గవ్వలు, పాచికలు జూదం కింద లెక్క. నేను నాలుగు కొబ్బరిచిప్ప ముక్కలు తీసి, రాతి మీద అరగదీసి నున్నగా చేశాను. వెల్లకిలా పడితే లోపలి నలుపు, బోర్లా పడితే పైనున్న గోధుమరంగు. చిప్పకి బోర్లా పడే గుణం ఎక్కువ. అందుకని నాలుగూ బోర్లా పడే అష్టాలు మా ఇంట్లో ధారాళంగా పడేవి.

చప్పుడు వీధిలోకి వెళ్ళింది. సంఘపెద్ద పేతురు గారు గొడుగు మూస్తూ అరుగెక్కారు.

"ఏం సత్తియ్యా, మీ ఇంట్లో గవ్వలు గలగల్లాడుతున్నాయంట?"

"గవ్వలు కాదండి. చిప్పలండి."

"ఏవైతేనేంటయ్యా. సిలువ కింద ప్రభువు బట్టల కోసం సైనికులు చీట్లు వేసేరు. ఇదీ ఆ సంతానమే."

నేను తల వంచుకున్నాను. ఎలీసమ్మ కొంగు సర్దుకుంది. "ఆయ్, నిజవేనండి. మరి యూదా పోయేక మత్తీయ గారిని ఎంచుకోడానికి అపొస్తలులు కూడా చీట్లే వేసేరని, మొన్న ఈస్టరుకి తమరే వాక్యం చెప్పేరు కదండీ."

పేతురు గారు గొంతు సవరించుకున్నారు. గొడుగు గోడకి ఆనించారు. గళ్ళలో అక్షరాలు ఒకసారి కలయజూశారు.

"ఇప్పుడెవరి వంతూ?" అన్నారు.

ఆ సాయంత్రం ఆయన ఎలీసమ్మ కాయల్ని దయాదాక్షిణ్యం లేకుండా చంపారు. "ఇంటికొచ్చిన పెద్దమనిషి ఇలాగేనా చేసేది?" అని సలోమి నిలదీస్తే, "ఆటలో పెద్దా చిన్నా లేదమ్మా, వాక్యవే," అని నవ్వుకుంటూ వెళ్ళారు.

ఎలీసమ్మ మాత్రం ఎవరి కాయనీ ఎన్నడూ చంపలేదు, సలోమిది అసలే. చేతికందే దూరంలో ఉన్నా వేరే కాయ జరిపేది. అందుకని ఆవిడ కాయలు ఎప్పుడూ బయటి వరసలోనే తిరుగుతుండేవి. సలోమి నన్ను చంపి లోపలికి వెళ్ళిపోయి, అక్కణ్ణుంచి కేకేసేది.

"ఒక్కటి చంపు పెద్దమ్మా! లోపల చేప ఉంది, వల ఉంది!"

"చేపా వలా ఒకేచోట ఉంటే ఇంక నేనెందుకే? నాకు ఈ వీధే బావుంది."

అయితే ఆగిన గడిలో అక్షరం ఆవిడా పలకాలి కదా. మొదట్లో నేను పీచు దులుపుకుంటున్నట్టు తల వంచి మెల్లగా అందించేవాణ్ణి. కొన్నాళ్ళకి సలోమే అందించసాగింది. "గ పెద్దమ్మా, గ. నిన్న కూడా ఇక్కడే ఆగేవు." వారం వారం నేను అక్షరాలు మార్చి రాసేవాణ్ణి. వినాయకచవితి నాటికి పిల్ల ఏ గడిలో ఏది వేసినా చూడగానే చెప్పేస్తోంది. లోపలి మాటలు కూడా.

దసరా దగ్గరికొస్తుండగా సాలమోను వచ్చాడు, చేతిలో ఒకటో తరగతి వాచకంతో. మనిషి సగమయ్యాడు. కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిచాడు.

"చదువమ్మా."

సలోమి పేజీ అంతా చూసింది. అడుగున మధ్యలో వేలు పెట్టింది. ఒక్కో అక్షరం స్పష్టంగా పలుకుతూ కుడిపక్కకి జరిగింది. అంచు దాకా వెళ్ళి పైకి తిరిగింది. అంచు వెంబడే ఎక్కి, పైవరస మీద వెనక్కి నడిచి, ఎడమ అంచున కిందికి దిగి, బయల్దేరిన చోటికి వచ్చింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఒక్క మాట పుట్టలేదు.

"మధ్యలోవి చదవ్వేమే?" అన్నాడు సాలమోను.

"ఇంకా ఎవర్నీ చంపలేదు కదా నాన్నా."

సాలమోను ముందు నవ్వాడు. నవ్వుతూనే పుస్తకం మూశాడు. మూశాక నవ్వు లేదు.

"తప్పు నాదిరా. చుట్టూ తిప్పేను," అన్నాను.

"నీ తప్పేవుంది అన్నియ్యా. అక్షరాలొచ్చేయి, చాల్లే." కొంచెంసేపు చూరు నుంచి కారే నీళ్ళు చూశాడు. "మరియమ్మని ఇంకా కొన్నాళ్ళు ఉంచుతారంట. పోనీ వదినా, ఈ ఏడాదికి ఇక్కడే ఉండనీ. బోర్డింగు ఎక్కడికి పోతుంది? నీకూ తోడుగా ఉంటుంది."

ఎలీసమ్మ గుమ్మంలో కూర్చుని చీపురు కోసం కొబ్బరాకు ఈనెలు చీరుతోంది. చాకు ఆకు సగంలో ఆగింది. నేను ఆవిడ వంక చూడకుండా ఉండలేకపోయాను. జూన్ నెల నుంచి ఆవిడ నోరు తెరిచి అడగనిది, తమ్ముడు తనంతట తాను తెచ్చి గుమ్మంలో పెట్టాడు. అవునంటే చాలు. అనక్కర్లేదు కూడా, ఊరుకుంటే చాలు.

ఆకు చివరిదాకా చీరింది. ఈనెని కట్టలో కలిపింది.

"సెలవులు ఎప్పటిదాకా?"

"ఇంకా రెండు వారాలుంది."

"అప్పుడు రా," అంది. "భోంచేసి వెళ్ళు. పులస ముక్క ఉంది."

సాలమోను వెళ్ళాక అరుగు అలికింది.

"ఈసారి చుట్టూ వద్దు. నాట్లు ఊడ్చిన చేల్లో వరసల్లా గియ్యండి, ఒకదాని కింద ఒకటి. అన్నింట్లోనూ మాటలే వెయ్యండి."

"చివరికెళ్ళేక పిల్ల మళ్ళీ పైకో కిందికో తిరిగిపోద్ది."

"తిరగదు. అటు చివర నరసాపురం రేవు. ఇటు చివర సఖినేటిపల్లి రేవు. అక్కడిదాకా వెళ్ళినోళ్ళు నడిచి వెనక్కి రాకూడదు, పంటెక్కి ఇవతలి గట్టుకి రావాలి. వచ్చి కింది వరస అందుకోవాలి. పంటు మీద ఉండగా చదువు లేదు."

సలోమికి ఆ ఆట ప్రాణమైంది. వరస చివర మాట చదివి, నోటితో "డుగు డుగు డుగు" అంటూ వేలిని ఎడమ గట్టుకి దాటించేది. ఒకటి పడితేనే పంటు వచ్చినట్టు. అది పడేదాకా రేవులో ఆగాలి. ఈ ఆటలో చంపుకోవడాలు లేవు. అందుకని ఎలీసమ్మ కాయ కూడా మాటల మధ్యకి వచ్చింది. రేవులో ఇద్దరూ పక్కపక్కన ఆగి పంటు కోసం చూస్తుంటే, ఎలీసమ్మ చిప్పల్ని మరీ మెల్లగా వేసేది.

గళ్ళు బాగా అలవాటయ్యాక సాలమోను వదిలివెళ్ళిన వాచకం తీశాను. ఎలీసమ్మ చీపురు కట్టలోంచి ఒక ఈనె లాగి వరస కింద పెట్టింది. "ఇది గట్టు. దీని మీదే నడువు." సలోమి నడిచింది. చివరికి వెళ్ళి డుగు డుగుమంది. ఈనె ఒక వరస కిందికి దిగింది. అలా దిగుతూ దిగుతూ పేజీ అయిపోయింది.

"బోర్డింగులో అమ్మగారి ముందు డుగు డుగు అనకమ్మా," అన్నాను.

"మనసులో అనుకుంటా పెదనాన్నా."

వెళ్ళే ముందు రోజు సాయంత్రం మళ్ళీ అష్టాచెమ్మా కావాలంది పిల్ల. పాత గళ్ళు గీశాను. ఆడుతూ ఆడుతూ సలోమి తన కాయని తెచ్చి ఎలీసమ్మ కాయకి రెండు గళ్ళ ముందు పెట్టి కూర్చుంది. అక్కణ్ణుంచి జరగనంది. ఎన్ని వంతులు వచ్చినా వేరే కాయే జరిపింది. చివరికి ఎలీసమ్మకి రెండు పడింది.

"చంపు పెద్దమ్మా. రేపట్నుంచి నేనుండను కదా. లోపలికి వెళ్ళు."

ఎలీసమ్మ వేలు ఆ కాయ మీద ఆనింది. ఆని, పక్క కాయని రెండు గళ్ళు జరిపింది.

"నీకు ఆట రాదు పెద్దమ్మా," అని సలోమి విసుక్కుంది.

"ఆయ్. రాదు," అంది ఎలీసమ్మ.

మర్నాడు నలుగురం సఖినేటిపల్లి రేవుకి వెళ్ళాం. సాలమోను ట్రంకుపెట్టె పట్టుకున్నాడు. పంటు ఎక్కేచోట ఒక బోర్డు ఉంది, రంగు సగం లేచిపోయి. సలోమి దాని ముందు ఆగింది.

"బండ్లు... దిగిన... తర్వాత," అని చదివింది. పెదాలు మూసుకుని, బుగ్గల్లోనే డుగు డుగుమంది. "ఎక్క... వలెను."

గేదెని పట్టుకున్న ముసలాయన ఒకడు "ఎవరి పిల్లండీ?" అని అడిగాడు. ఎలీసమ్మ పిల్ల జడ విప్పి మళ్ళీ గట్టిగా వేస్తోంది.

బండ్లు దిగాయి. సాలమోను పిల్ల చెయ్యి పట్టుకుని ఎక్కాడు. మేం గట్టునే ఉన్నాం. పంటు కదిలాక సలోమి చెయ్యి ఊపుతుందని చూశాను. రేలింగు మీద ఏదో రాసి ఉన్నట్టుంది. దానికేసి వంగి వేలు జరుపుతోంది.

పంటు అవతలికి చేరింది. తిరిగి వచ్చింది. వచ్చినవాళ్ళలో ఆఖరి మనిషి దిగేదాకా చూసి అప్పుడు ఎలీసమ్మ వెనక్కి తిరిగింది.

పిల్లని చేర్చుకున్నారని ఆ వారంలోనే కబురు వచ్చింది. అరుగు మీది గళ్ళు అలక్కుండా అలాగే ఉంచింది ఎలీసమ్మ. చిప్పల డబ్బా తీసి చూస్తే మూడే ఉన్నాయి. ఒకటి నరసాపురం వెళ్ళిపోయింది.

"ఇంకోటి అరగదియ్యమంటావా?"

"వద్దులెండి. దాని చోటు దానికి ఉండనీండి."

ఆ తర్వాతి ఆదివారం మందిరంలో పాట ఎత్తుకున్నారు. ఎలీసమ్మ పుస్తకం తెరిచింది. పక్కావిడ తెరిచిన పేజీ చూసి, దానికోసం అంకెలు వెతుక్కుంటూ చాలా పేజీలు తిప్పింది. కొంగు ముడిలోంచి కొబ్బరి ఈనె ముక్క ఒకటి తీసి వరస కింద పెట్టింది. చిన్నప్పట్నుంచీ నోటికి వచ్చిన పాట, అందరికన్నా ముందు ఎత్తుకునే గొంతు, అందరికన్నా ఒక మాట వెనక నడవసాగింది. వరస చివర ఆగేది. మళ్ళీ ఈనె జరిపి ఇవతలి గట్టునుంచి మొదలుపెట్టేది. ముందు వరసలో పేతురు గారు ఒకసారి వెనక్కి తిరిగి చూశారు.

నేను నా గొంతు తగ్గించి, ఆవిడ చదివినంతే పాడాను. అందరి పాటా అయిపోయాక మా ఇద్దరికీ ఇంకొక మాట మిగిలి ఉంది.